మోకాలికి ఇబ్బంది లేని క్లిప్‌లెస్ పెడల్, క్లీట్ ఎంపిక

నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పే వ్యక్తి మోకాలు గంటలో 4,800 సార్లు మడుచుకుని చాచుకుంటుంది. పదమూడున్నర గంటల గడువు ఉండే 200 కిలోమీటర్ల బ్రెవేలో, అంటే గడువులోగా ముగించాల్సిన దూర సైకిల్ ప్రయాణంలో, ఆ లెక్క ఎంతకు చేరుతుందో ఊహించుకోవచ్చు. మామూలు పెడల్ మీద పాదం తనకు నచ్చినట్టు జరుగుతూ ఉంటుంది కాబట్టి చిన్న తేడాలు తెలియవు. క్లిప్‌లెస్ పెడల్‌లో క్లీట్‌తో, అంటే షూ అడుగున ఉండే చిన్న ముక్కతో, షూను పెడల్‌కు బిగించిన తరువాత మాత్రం కోణంలో రెండు డిగ్రీల తప్పు కూడా ప్రతి తొక్కుడులోనూ మోకాలి మీదే పడుతుంది. అందువల్ల పెడల్ కొనేటప్పుడు బరువు ఎంత అన్న ప్రశ్న కంటే పాదానికి ఎంత కదలిక ఇస్తుంది అన్న ప్రశ్న ముందు రావాలి.

పాదాన్ని పట్టీలతో కట్టే పాత టో క్లిప్‌లు అక్కరలేనిది కనుక ఈ పెడల్‌కు క్లిప్‌లెస్ అన్న పేరు వచ్చింది. షూ "టక్"మని పట్టుకునేది ఈ పెడల్‌లోనే కాబట్టి కొత్తవారు ఆ పేరు విని తికమక పడటం సహజం. మంచు మీద జారే స్కీల బిగింపులు చేసే ఫ్రెంచి సంస్థ లుక్ 1984లో వీటిని రోడ్ సైకిళ్లకు తెచ్చింది, మరుసటి ఏడాది ఫ్రెంచి సైక్లిస్టు బెర్నార్ ఈనో వీటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు.

బిగించిన తరువాత కూడా మడమ అటూ ఇటూ కొద్దిగా తిరిగే వెసులుబాటును ఫ్లోట్ అంటారు. మోకాలు చాచుకునే కొద్దీ కాలి ఎముక స్వల్పంగా మెలి తిరుగుతుంది. పాదానికి చోటు లేకపోతే ఆ మెలి భారాన్ని కీలే భరించాలి. జపాన్ సంస్థ షిమానో రోడ్ సైకిళ్లకు చేసే ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ రకం క్లీట్లలో పసుపు రంగుది 6 డిగ్రీలు, నీలం రంగుది 2 డిగ్రీలు ఇస్తుంది, ఎరుపుది అసలు కదలనివ్వదు. లుక్ సంస్థ కియో రకం క్లీట్లలో ఎరుపుది 9, బూడిద రంగుది 4.5, నలుపుది సున్నా. ఒక సంస్థ ఎరుపు పూర్తిగా బిగువు, ఇంకో సంస్థ ఎరుపు అన్నింటికంటే వదులు కనుక రంగు చూసి కాక డిగ్రీలు చదివి కొనాలి. స్పీడ్‌ప్లే అనే మరో రకం పెడల్‌లో 15 డిగ్రీల వరకు మనమే సర్దుకోవచ్చు. మొదటిసారి కొనేవారు, పాత మోకాలి నొప్పి ఉన్నవారు సున్నా డిగ్రీల క్లీట్ జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం.

సిగ్నళ్ల దగ్గర తరచుగా కాలు దింపాల్సిన మన నగరాల్లో, టీ కొట్టు దాకా నడవాల్సిన దూర ప్రయాణాల్లో, క్లీట్‌ను రెండు బోల్టులతో షూకు బిగించే షిమానో ఎస్‌పీడీ రకమే హాయి. దీని చిన్న ఇనుప క్లీట్ షూ అడుగులోకి ఒదిగిపోతుంది కాబట్టి జారకుండా నడవవచ్చు. ఈ రకంలో ఎస్‌హెచ్51 అనే క్లీట్ మడమను పక్కకు తిప్పితేనే వదులుతుంది, ఎస్‌హెచ్56 మరికొన్ని దిశల్లోనూ వదులుతుంది కనుక అలవాటు పడే రోజుల్లో ఇదే మేలు. పెడల్ మీది చిన్న స్క్రూతో పట్టును బాగా తగ్గించి మొదలుపెట్టాలి, ఎందుకంటే బిగువైన పెడల్ నుంచి కంగారుగా కాలు లాగే క్షణంలో మోకాలు పట్టుకుంటుంది.

ఇక అమరిక. షూ తొడుక్కుని బొటనవేలి మొదట్లోని ఎముకను, చిటికెనవేలి మొదట్లోని ఎముకను తడిమి, రెండు చోట్లా షూ మీద గుర్తు పెట్టుకోవాలి. పెడల్ ఇరుసు ఆ రెండు గుర్తుల మధ్యకు వచ్చేలా క్లీట్ పెట్టాలి. తరువాత ఎత్తైన బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడదీసి, పాదాలు ఎటు చూస్తున్నాయో గమనించాలి. చాలామందికి రెండు పాదాలూ ఒకేలా ఉండవు, కాబట్టి రెండు క్లీట్లనూ ఒకే కోణంలో పెట్టాలన్న నియమమేమీ లేదు. వేళ్లు బయటికి తిరిగి ఉండేవారు క్లీట్ ముక్కును షూలో బొటనవేలి వైపుకు తిప్పాలి. తలకిందులుగా అనిపించినా అదే సరి. సహజమైన కోణం ఫ్లోట్ మధ్యలో ఉండాలి, ఒక అంచున ఉంటే ఆ ఫ్లోట్ ఉన్నా లేనట్టే. తొక్కేటప్పుడు మోకాళ్లు బయటికి పోతుంటే క్లీట్‌ను షూ లోపలి అంచు వైపు జరపాలి, అప్పుడు పాదాల మధ్య దూరం పెరుగుతుంది. అదీ చాలకపోతే 4 మిల్లీమీటర్లు పొడవైన ఇరుసుతో వచ్చే షిమానో రోడ్ పెడళ్లు ఉన్నాయి.

నొప్పి వచ్చిన ప్రతిసారీ క్లీట్‌ను నిందించడమూ పొరపాటే. మోకాలి చిప్ప ముందు నొప్పికి తరచుగా సీటు కిందకు ఉండటం, వెనుక నొప్పికి సీటు మరీ పైకి ఉండటం కారణమవుతాయి. లోపలి, బయటి అంచుల నొప్పి అయితే ముందుగా క్లీట్ కోణాన్ని చూడాలి. కొత్త పెడల్, షూ కలిసి పాతవాటి కంటే పలుచగా ఉంటే ఆ మేరకు సీటు దించాలి, ఈ సంగతి చాలామంది మరచిపోతారు. ఒకసారికి ఒకే మార్పు, అదీ ఒకటి రెండు మిల్లీమీటర్లే చేసి, కొన్ని చిన్న రైడ్లు తొక్కి చూడాలి. వాపు వచ్చినా, సైకిల్ దిగాక కూడా నొప్పి తగ్గకపోయినా క్లీట్ బోల్టులు తిప్పే అలెన్ కీ పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవాలి.

అమరిక కుదిరిన రోజునే షూ అడుగున క్లీట్ చుట్టూ సన్నని మార్కర్‌తో గీత గీసుకోవాలి. ప్లాస్టిక్ క్లీట్ నడకకు అరిగి వదులవుతుంది, కొత్తది ఆ గీతలోనే కూర్చోబెడితే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కరలేదు.