స్పైక్-ఇన్ ఆర్‌ఎన్‌ఏతో మీ జీన్ ఎక్స్‌ప్రెషన్ డేటా చెక్ చేసుకోండి
ఆర్‌ఎన్‌ఏ-సీక్ (శాంపిల్‌లోని ఆర్‌ఎన్‌ఏని సీక్వెన్స్ చేసి ఏ జీన్ ఎంత పనిచేస్తోందో లెక్కించే పద్ధతి) నంబర్లు నమ్మొచ్చా లేదా తేలాలంటే, ఎంత వేశామో ముందే తెలిసిన ఆర్‌ఎన్‌ఏ ఒకటి శాంపిల్‌లో ఉండాలి, అందుకే ఈఆర్‌సీసీ కంట్రోల్స్, అంటే బయటి నుంచి కలిపే రెడీమేడ్ స్పైక్-ఇన్ ఆర్‌ఎన్‌ఏ మిశ్రమం. ఇందులో 92 ట్రాన్స్‌క్రిప్టులు (ఆర్‌ఎన్‌ఏ రకాలు) ఉంటాయి, అన్నిటికీ పాలీ-ఏ తోక (చివర వరుసగా ఉండే 'ఏ' అక్షరాలు) ఉంటుంది, గాఢతలో దాదాపు 10 లక్షల రెట్ల తేడా.

లైబ్రరీ ప్రెప్ (ఆర్‌ఎన్‌ఏని సీక్వెన్సింగ్‌కి సిద్ధం చేసే దశ) మొదలెట్టకముందే కలపండి, తర్వాత కలిపితే మధ్యలో పోయిన ఆర్‌ఎన్‌ఏ సంగతి అస్సలు తెలీదు. డైల్యూట్ చేసి చాలా కొంచెమే వేయాలి, ఎక్కువైతే రీడ్స్ (మెషిన్ చదివిన ముక్కలు) అన్నీ అదే మింగేస్తుంది (పిపెట్టింగ్ దగ్గరే సగం తప్పులు, తొందరపడకండి).

రిఫరెన్స్ జీనోమ్ ఫైల్‌కి ఈ 92 సీక్వెన్సులు జోడించి రీడ్స్‌ని దానితో అలైన్ చేయండి (ఏ రీడ్ ఎక్కడిదో సరిపోల్చడం). తర్వాత వేసిన మోతాదు, వచ్చిన కౌంట్ రెండూ లాగ్ స్కేల్‌లో ప్లాట్ చేస్తే గీత దాదాపు తిన్నగా, వాలు 1కి దగ్గరగా రావాలి, కింది చివర చుక్కలు చెల్లాచెదురైన చోటే మీ డిటెక్షన్ లిమిట్, అంతకన్నా తక్కువున్న జీన్స్ గురించి గట్టిగా మాట్లాడకండి.

ఇవే 92 ట్రాన్స్‌క్రిప్టులు వేరే మోతాదుల్లో ఉండే రెండు మిక్స్‌లుంటాయి, మిక్స్ 1 ఒక గ్రూపు శాంపిల్స్‌కి, మిక్స్ 2 ఇంకో గ్రూపుకి వేస్తే ట్రాన్స్‌క్రిప్టుని బట్టి 4, 1, 0.67, 0.5 నిష్పత్తులు రావాలి, అప్పుడు ఫోల్డ్ చేంజ్ (రెండు గ్రూపుల మధ్య ఎన్ని రెట్ల తేడా) కూడా చెక్ అయిపోతుంది. వీటి పాలీ-ఏ తోకలు చిన్నవి, తోకని పట్టి ఆర్‌ఎన్‌ఏని వేరు చేసేటప్పుడు ఇవి శాంపిల్ ఆర్‌ఎన్‌ఏలాగే పట్టుబడకపోవచ్చు, కాబట్టి నార్మలైజేషన్‌కి (శాంపిల్స్‌ని ఒకే కొలతకి తేవడానికి) మాత్రం వీటినొక్కటే నమ్ముకోకండి.