పండ్ల తోటలో పురుగుల పాఠాలు – 5: ఎర బుట్ట చెప్పేది, చెప్పనిది

గత పాఠంలో పిండినల్లిని, దాన్ని కాపలా కాసే చీమలను చూశాం. ఈసారి పండు ఈగ. మామిడినో జామనో కోసినప్పుడు గుజ్జులో తెల్లటి పురుగులు కదులుతుంటే అది చాలావరకు దీని పనే. తొక్క మీద మొదట సూదిమొనంత గాటు తప్ప ఏమీ కనిపించదు. గాటు చూసి మందు చల్లినా లోపలి పురుగుకు చేరదు.

ముందు ఈగను గుర్తుపట్టాలి. మిగలపండిన పండ్ల చుట్టూ ముసిరే బుల్లి ఈగలు ఇవి కావు. అవి కుళ్ళు వాసనకు వచ్చేవి, వాటితో మనకు పేచీ లేదు. మన ఈగ ఇంటి ఈగంత ఉంటుంది, కానీ చూడగానే చిన్న కందిరీగ అనిపిస్తుంది. వీపు మీద పసుపు చారలు, పారదర్శకమైన రెక్కల ముందు అంచున సన్నని ముదురు గీత ఉంటాయి. ఆడ ఈగకు పొట్ట చివర మొనదేలిన గొట్టం ఉంటుంది, గుడ్లను తొక్క కిందికి దించేది దానితోనే. పురుగుకూ ఒక ఆనవాలు ఉంది. బాగా ఎదిగిన దాన్ని అరచేతిలో వేసుకుంటే రెండు కొసలూ దగ్గరకు తెచ్చి, విల్లులా వంగి, ఎగిరి దూకుతుంది. మొదటిసారి చూసినవారు ఉలిక్కిపడతారు.

వేడి వాతావరణంలో గుడ్డు ఒకటి నుంచి మూడు రోజుల్లో పగులుతుంది. పురుగు ఓ వారం, ఇంకొంచెం ఎక్కువ కాలం గుజ్జు తిని, పండు నుంచి బయటపడి మట్టిలోకి దూరుతుంది. అక్కడ గోధుమ గింజలాంటి గూడులో దాదాపు పది రోజులు ఉండి ఈగగా పైకి వస్తుంది. కాబట్టి మీ శత్రువు సగం జీవితం కొమ్మ మీద కాదు, చెట్టు పాదులో గడుస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ఇక ఎర. 1910ల్లో బీహార్‌లోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త హౌలెట్, సిట్రొనెల్లా నూనెకు మగ పండు ఈగలు ఎగబడటం గమనించారు. ఆ దారిలో తేలిన పదార్థమే మిథైల్ యూజినాల్. బుట్ట కట్టడం కష్టం కాదు. ఆల్కహాలు ఆరు పాళ్ళు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్ళు, మలాథియాన్ అనే పురుగుమందు ఒక పాలు కలిపి, అందులో చిన్న ప్లైవుడ్ ముక్కను రెండు మూడు రోజులు నాననివ్వాలి. పక్కల రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ సీసాలో దాన్ని వేలాడదీసి, మనిషి ఎత్తున, నీడలో కట్టాలి. చేతికి తొడుగు తప్పనిసరి. మందు అంటిన చేత్తో సీసా బయటి భాగాన్ని ముట్టుకుంటే ఈగలు లోపలికి పోకుండా బయటే వాలుతాయి. వేలాడదీసే తీగకు గ్రీజు రాయండి, లేకపోతే చీమలు చచ్చిన ఈగలను మోసుకుపోయి మీ లెక్క తప్పిస్తాయి.

లెక్క ఇలా కట్టాలి. నాలుగు బుట్టల్లో ఏడు రోజులకు 112 ఈగలు పడ్డాయనుకోండి. 112ను 28తో భాగిస్తే 4, అంటే బుట్టకు రోజుకు నాలుగు ఈగలు. ఒక్క వారం అంకెకు విలువ తక్కువ, వరుసగా నాలుగైదు వారాలు రాసుకుంటే అప్పుడు అది మాట్లాడుతుంది. కొత్తగా కట్టిన మొదటి రోజుల్లో అంకె ఎగబాకితే కంగారు పడకండి, చుట్టుపక్కల అప్పటికే పేరుకున్న మగవన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. అంకె హఠాత్తుగా పడిపోతే సంబరపడే ముందు ఎర ఎండిపోయిందేమో చూడండి.

నేర్చుకునే రోజుల్లో నేను చేసిన తప్పు ఒకటుంది. సీసా నిండా చచ్చిన ఈగలను చూసి గెలిచాననుకున్నాను. కాయలు మాత్రం యథాప్రకారం పుచ్చిపోయాయి. ఎందుకంటే ఆ ఎరకు వచ్చేవి దాదాపుగా మగవే, గుడ్లు పెట్టేది ఆడది. మిగిలిన కొద్ది మగ ఈగలే ఎన్నో ఆడ ఈగలతో జతకట్టగలవు. పైగా జతకట్టిన ఆడ ఈగలు పక్క తోట నుంచి ఎగిరివస్తాయి. మగవాటిని తుడిచిపెట్టి గెలిచిన సందర్భం లేకపోలేదు. 1960ల తొలి ఏళ్ళలో పసిఫిక్ మహాసముద్రంలోని రోటా దీవిలో ఎర, మందు పట్టించిన బిళ్ళలను విమానం నుంచి దీవి అంతటా చల్లి ఈ ఈగను నిర్మూలించారు. అది చుట్టూ సముద్రం ఉన్న దీవి! ఒక్క తోటలో నాలుగు సీసాలు ఆ పని చేయలేవు. బుట్టను థర్మామీటరుగా వాడండి, మందుగా కాదు. ఇంకో హెచ్చరిక: కాకర, దోస జాతి పాదులను పట్టే ఈగ మిథైల్ యూజినాల్ వైపు తిరిగి చూడదు, దానికి క్యూలూర్ అనే వేరే ఎర కావాలి.

అసలు పని నేల మీద ఉంది. రాలిన పండ్లను రోజు విడిచి రోజు ఏరాలి. వారానికోసారి అయితే పురుగు అప్పటికే మట్టిలోకి దిగిపోయి ఉంటుంది. ఏరినవాటిని గట్టు మీద పోస్తే ఆ పని చేయనట్టే. రెండడుగుల లోతున పూడ్చాలి, లేదా మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో వదలాలి. హవాయిలో ఇంకో తెలివి చేశారు. రాలిన పండ్లను జాలీ గుడారంలో పోస్తారు. జాలీ కన్నాల్లోంచి ఈగ బయటికి రాలేదు, ఈగనే తిని బతికే బుల్లి పరాన్న కందిరీగ మాత్రం దూరి వెళ్ళిపోతుంది.

ఈ పాఠానికి అభ్యాసం. ఒక బకెట్ అడుగున నాలుగు వేళ్ళ మందాన తడి ఇసుక పరవండి. రాలిన పది పండ్లు అందులో వేసి, పలుచని బట్టతో మూతి బిగించి, నీడలో ఉంచండి. పది రోజులకు ఇసుక జల్లించి గోధుమరంగు గూళ్ళు లెక్కపెట్టండి. వాటిని మళ్ళీ ఇసుకలో పెట్టి మూసేయండి. మరో రెండు వారాలు చూడండి: పసుపు చారల ఈగలు ఎన్ని, సన్నని కందిరీగలు ఎన్ని? ఈగలను వదిలిపెట్టకండి. పది పండ్ల నుంచి ఎన్ని గూళ్ళు వచ్చాయో, అదే కాలంలో మీ బుట్ట అంకె ఎంతో పక్కపక్కన రాసి ఉంచండి. ఆడ ఈగ గుడ్లు కట్టాలంటే మాంసకృత్తులు తినాలి, వచ్చే పాఠంలో ఆ ఆకలినే ఎరగా వాడతాం. ఆ రెండు అంకెలూ అప్పుడు కావాలి.