కంట్లో తొలిదశ శుక్లాన్ని ఇంట్లో ఎలా కనిపెట్టాలి, ఎప్పటిదాకా ఆగవచ్చు

యాభై అయిదో అరవయ్యో దాటాక డాక్టరు ‘శుక్లం మొదలైంది’ అంటే కంగారు పడక్కర్లేదు. అలాగని ‘ముదిరాక చూద్దాంలే’ అని వదిలేయడమూ తప్పే.

కనుపాప వెనక ఉండే లెన్సు నీళ్లు, ప్రోటీన్లతో తయారైనది. వయసు పెరిగేకొద్దీ ఆ ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని లెన్సును మసకబారుస్తాయి. ‘కంట్లో పొర’ అంటాం గానీ అది కంటి పైన పెరిగేది కాదు. అందుకే ఏ చుక్కల మందూ దాన్ని కరిగించదు. తేనె, ఉల్లిరసం లాంటివి వేస్తే నల్లగుడ్డు దెబ్బతింటుంది, ఇన్‌ఫెక్షన్ కూడా రావచ్చు.

మసక లెన్సులో ఎక్కడుందో దాన్నిబట్టి ఇబ్బంది మారుతుంది. నడిమధ్యన ఉంటే దూరం చూపు తగ్గుతుంది, తెల్ల పంచె పసుపుగా కనిపిస్తుంది. విచిత్రంగా కొన్నాళ్లు అద్దాలు లేకుండానే పేపరు చదవగలుగుతారు. ‘నాన్నకి చూపు తిరిగొచ్చింది’ అని ఇంట్లోవాళ్లు సంబరపడేది ఇక్కడే. నిజానికి లెన్సు గట్టిపడి మైనస్ పవరు పెరగడమే దానికి కారణం. అంచుల్లో మొదలైతే రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద హెడ్‌లైట్ల వెలుతురు చెదిరి కళ్లలో కొడుతుంది. వెనక భాగంలో వస్తే ఎండలోకి వెళ్లగానే చూపు మందగిస్తుంది, చదవడం కష్టమవుతుంది. ఈ రకం షుగరు ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవాళ్లలో ఎక్కువ, త్వరగా ముదురుతుంది కూడా.

ఇంట్లో నెలకోసారి ఇలా చూసుకోండి. పగటి వెలుతురులో గోడ క్యాలెండరుకు పది అడుగుల దూరంలో, దూరం చూపు అద్దాలు పెట్టుకుని కూర్చోండి. ఒక కన్ను అరచేత్తో మూయండి, నొక్కవద్దు. ఎంత చిన్న అక్షరం దాకా చదవగలిగారో తేదీ వేసి రాసుకోండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది, చాలామంది ఆలస్యంగా తెలుసుకునేది అందుకే. అట్టముక్కకు మిల్లీమీటరు రంధ్రం చేసి అందులోంచి కూడా చూడండి. అక్షరాలు తేటపడితే అద్దాల పవరు మారిస్తే మేలు జరిగే అవకాశం ఉంది. తేటపడకపోతే కారణం లెన్సులోనో, కంటి లోపల వెనక వైపున్న రెటీనా పొరలోనో ఉండవచ్చు. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు.

శుక్లం నెమ్మదిగా, నొప్పి లేకుండా వస్తుంది. చూపు ఉన్నట్టుండి తగ్గినా, మెరుపులు వచ్చినా, తెర దిగినట్టున్నా, తలుపు చట్రం వంకరగా కనిపించినా అది శుక్లం అనుకోవద్దు. కన్ను ఎర్రబడి, తీవ్రమైన నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కలిసి వస్తే కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసులు (గ్లకోమా) కావచ్చు. వీటిలో ఏది వచ్చినా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి. హైదరాబాద్‌లో అయితే మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి.

మామూలు పరీక్షకు వెళ్లేటప్పుడు పాత అద్దాలు, మందుల చీటీలు, షుగరు రిపోర్టులు పట్టుకెళ్లండి. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, బండి నడపకూడదు. తోడు ఒకరిని తీసుకెళ్లి ఆటోలోనో మెట్రోలోనో తిరిగి రండి. షుగరు ఎక్కువతక్కువలవుతున్నప్పుడు అద్దాలు మార్పించకండి. అది అదుపులోకి రాగానే పవరు మళ్లీ మారిపోతుంది, డబ్బు దండగ.

ఆపరేషన్ ఎప్పుడనేది మీ పనినిబట్టి తేలాలి. కొత్త అద్దాలు, భుజం మీదుగా పడే మంచి లైటు, ఎండలో టోపీ, కూలింగ్ గ్లాసులతో రోజు గడిచిపోతుంటే ఆగవచ్చు. మెట్లు దిగడం, బండి నడపడం, మందు చీటీ చదవడం కష్టమైతే చేయించుకోవాలి. మరీ ముదిరితే లెన్సు రాయిలా గట్టిపడి, తీయడానికి ఎక్కువ అల్ట్రాసౌండ్ శక్తి కావాలి, నల్లగుడ్డు వాచే ప్రమాదమూ పెరుగుతుంది. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ వాడుతుంటే, ఎప్పుడో మానేసినా సరే, ముందే సర్జన్‌కు చెప్పండి. ఆపరేషన్‌లో కనుపాప చుట్టూ ఉండే కండరం సడలిపోయి ఇబ్బంది పెడుతుంది, ముందే తెలిస్తే వాళ్లు సిద్ధంగా ఉంటారు.