అయిదడుగుల చెక్క మీద కాజీపేట షంటింగ్

ఇప్పుడు గూడ్స్ అంటే దాదాపు మొత్తం రేక్, అంటే వ్యాగన్ల వరుసంతా, ఒకేసారి రావడం, ఒకేసారి పోవడం. మరి చిన్న రైలు మోడల్‌లో షంటింగ్‌కు, అంటే వ్యాగన్లను విడదీసి కలపడానికి, కారణం ఏం చూపించాలి? నా జవాబు సిక్ లైన్. లోపం దొరికిన వ్యాగన్‌ను రేక్ నుంచి తీసి పెట్టే చోటు అది. కాజీపేట లాంటి జంక్షన్‌కు బాగా నప్పుతుంది.

ప్లాన్‌కు ఇంగిల్‌నుక్ పద్ధతి తీసుకోండి, వ్యాగన్లను కోరిన వరుసలో పేర్చే షంటింగ్ ఆట అది. మూడు లైన్లు, రెండు పాయింట్లు (పట్టాలు చీలే చోట్లు). పొడవాటి లైన్‌లో 5 వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి: ఒకటి సిక్ లైన్, ఇంకోటి గూడ్స్ షెడ్. షంటింగ్ నెక్‌లో, అంటే ఇంజిన్ వ్యాగన్లను లాగి నిలిపే పట్టా ముక్కలో, ఇంజిన్‌తో పాటు 3 వ్యాగన్లే పట్టాలి. దయచేసి దాన్ని పెంచకండి, ఆటలో మజా అంతా ఆ ఇరుకులోనే ఉంది. 8 వ్యాగన్లకు చీటీలు వేసి, 5 తీసి, ఆ వ్యాగన్లను చీటీలు వచ్చిన వరుసలోనే నిలబెట్టాలి. అలాంటి వరుసలు 6,720 ఉన్నాయి!

హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే 1:87లో, పైకప్పు లేని బాక్స్‌ఎన్ వ్యాగన్‌కు 13 సెం.మీ., డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్‌కు 20 సెం.మీ. లెక్కేయండి. నెక్‌కు 59, పాయింట్‌కు 23, పొడవాటి లైన్‌కు 65. మొత్తం 147 సెం.మీ. మా హనుమకొండ ఇంట్లో సజ్జ మీద హాయిగా పడుతుంది. పైకప్పు ఉండే పాత బీసీఎన్ వ్యాగన్లు పొడవెక్కువ, వాటి జోలికి వెళ్లొద్దు.

కరెంటు స్తంభాలన్నీ వెనక వైపే నాటండి. ముందుంటే కప్లింగ్ విప్పేటప్పుడు చేతికి తగులుతాయి.