మెయిన్‌షీట్ మాటిమాటికీ చిక్కుపడుతోందా?

చిన్న రేసింగ్ డింగీలో (తెరచాప పడవలో) మెయిన్‌షీట్, అంటే పెద్ద తెరచాపను లాగి వదిలే తాడు, చిక్కుపడగానే చాలామంది కొత్త తాడు కొనడానికి బయలుదేరతారు. ముందు పొడవు చూడండి. ఒడ్డున తెరచాప ఎక్కించి, రేసులో బూమ్‌ను (తెరచాప అడుగు అంచున ఉండే అడ్డకర్రను) ఎంతవరకు వదులుతారో అంతవరకు వదలండి. ఆఖరి కప్పీ దాటాక ఒక బారెడు తాడు మిగిలితే చాలు. అంతకు మించినదంతా కాళ్ల కింద చేరి ముడిపడటానికే. మీ పడవ తరగతికి (క్లాస్) ఉన్న రేసు నిబంధనలు ఒకసారి చూసుకుని, కోయండి. అడిగినవారందరికీ ఈ మాట చెబుతూనే ఉన్నాను, అయినా పడవలో మూడు బారల తోక వేసుకుని వచ్చి తాడును తిడతారు.

పొడవు సరిగ్గానే ఉంది, పొద్దున బాగానే నడిచింది, మధ్యాహ్నానికి కప్పీ ముందర చిన్న చిన్న మెలికలు మొదలయ్యాయి, గాలి విసురు వచ్చి షీట్ వదలబోతే మెలిక కప్పీలో ఇరుక్కుంది. ఇదీ మీ లక్షణమైతే కారణం పురి. నన్ను ఎక్కువగా సతాయించినది ఇదే, ఎందుకంటే తాడు బిగువుగా ఉన్నంతసేపు పురి కనిపించదు. వదులు కాగానే తనమీద తానే చుట్టుకుంటుంది.

పేనిన తాడు బరువు పడితే తిరుగుతుందని అందరికీ తెలుసు, అందుకే రేసింగ్ డింగీల్లో దాన్ని షీట్‌గా దాదాపు ఎవరూ వాడరు. అల్లిక తాడులో సగం పోగులు కుడికి, సగం ఎడమకు తిరుగుతాయి కాబట్టి బరువుకు తనంతట తాను తిరగదు. దాంతో ఇక పురి సమస్యే లేదనుకుంటారు. మనం ఎక్కించిన పురిని మాత్రం అదీ మోస్తుంది. మోచేతికి చుట్టి పెట్టిన ప్రతి చుట్టకూ ఒక పూర్తి పురి ఎక్కుతుంది, కొస పట్టుకుని లాగితే అది తాడులోనే ఉండిపోతుంది. కొత్త తాడును రీలు పక్కనుంచి లాగినా అంతే. రీలును కడ్డీకి గుచ్చి తిప్పుతూ తీయాలి. ఇక రోజంతా పెరిగే పురికి మూలం కప్పీ దగ్గర ఉంటుంది. తాడు గాడిలోకి వాలుగా దిగుతుంటే, అంచు మీద దొర్లుతూ ప్రతి లాగుడుకూ కొంత మెలి తిరుగుతుంది. కప్పీని తాడు వచ్చే దిశకు తిన్నగా అమర్చండి.

కనిపెట్టడం తేలికే. తాడు మీద పొడుగునా ఒక రంగు పోగు ఉన్నదాన్ని ఎంచుకోండి. ఒడ్డున సాగదీస్తే ఆ పోగు తిన్నగా సాగాలి. తాడు చుట్టూ మెట్లమెట్లుగా తిరుగుతుంటే ఎన్ని పురులున్నాయో లెక్కపెట్టుకోవచ్చు.

విప్పడానికి కొసన ఉన్న ముడి తీసేయండి. బూమ్ వైపు నుంచి కొస దాకా తాడును పిడికిట్లో జారుస్తూ రండి, కొస గిర్రున తిరుగుతూ పురిని వదిలేస్తుంది. ఎక్కువగా ఉంటే ఒక కొస పట్టుకుని, తాడు మొత్తాన్ని నడిచే పడవ వెనక నీళ్లలో వదలండి. ఆ తర్వాత చుట్టడం మానేసి, ఒక కొస నుంచి మొదలుపెట్టి సంచిలోకి కూరండి.

తోక నీళ్లలో పడకుండా కొసను హైకింగ్ స్ట్రాప్‌కు (పడవ బయటికి వాలేటప్పుడు కాళ్లు తగిలించే పట్టీకి) కట్టే అలవాటు చాలామందికి ఉంది. చిక్కులు తగ్గుతాయి, నిజమే, కానీ రెండు కొసలూ కట్టేశాక పురికి బయటపడే దారి ఉండదు. కట్టాలనుకుంటే మధ్యలో తేలిగ్గా తిరిగే చిన్న స్వివెల్ పెట్టండి. కన్నింగ్‌హామ్, వాంగ్ తాళ్లను (తెరచాప బిగువును సవరించేవి) పడవ రెండు వైపులకూ అందేలా కొసలు కలిపి వలయంలా కుట్టేవారికి ఇది ఇంకా ముఖ్యం. కుట్టు పడే క్షణానికి తాడులో ఉన్న పురి, కుట్టు విప్పేదాకా అక్కడే ఉంటుంది.

మిగతావి అరుదు. ఉప్పు పట్టి బిరుసెక్కితే మంచినీళ్లలో నానబెట్టండి. లోపలి పోగుల కట్ట మీద పైతొడుగు జారి ముడతలు పడితే, సవరించి కొసన కుట్టు వేయండి. జైబ్‌లో (గాలి వెనక నుంచి వీస్తుండగా తెరచాప పక్క మారేటప్పుడు) తాడు పడవ వెనక మూలకు తగులుకోవడం తాడు తప్పు కాదు, బూమ్ దాటే క్షణంలో వదులును చేత్తో లాగేస్తే సరిపోతుంది.