రాగి క్రిస్టల్‌కి ఆక్సిజన్ వదిలేముందు చూసుకోవాల్సినవి

మన భీమవరం గాలిలో తేమెంతో తెల్సుగా తమ్ముడూ, అందుకే క్రిస్టల్ ఉండే వాక్యూమ్ ఛాంబర్ (గాలంతా లాగేసే పెట్టె) తెరిచి మూసాక 150 డిగ్రీల దాకా వేడిచేసి ఆ తడంతా పంపు లాగేదాకా అసలు మొదలెట్టకు. క్రిస్టల్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

ముఖ్యమైంది ప్రెజర్. టార్‌లో (టార్ అంటే ప్రెజర్ కొలత) పదిలక్షో వంతు గ్యాస్ ఉన్నా చాలు, ఒక్క సెకన్‌లో సర్ఫేస్ మొత్తం కప్పేసేంత వచ్చి పడుద్ది, కాబట్టి మురికి పోయేలా ఆర్గాన్ అయాన్లతో కొట్టి, వేడిచేసి, ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్‌లో (పైన పరమాణువుల అమరికని చుక్కల్లా చూపించేది) స్పాట్లు శుభ్రంగా కనిపించాకే ఆక్సిజన్ వదిలే లీక్ వాల్వ్ మెల్లగా తిప్పు. క్రిస్టల్‌ని 110 అనే దిశలో కోసిన ముఖమైతే రాగి పరమాణువులు సర్ఫేస్ మీదుండే సన్నటి మెట్ల అంచుల నుంచి కదిలొచ్చి ఆక్సిజన్‌తో కలిసి, తాడు పట్టి నాటిన వరి సాళ్ళలాగా వరసలు కడతాయి, చూస్తే ఎంత ముచ్చటో! పాత స్పాట్ల మధ్యలో కొత్తవి రాగానే ఆపెయ్, ఇంకా ఇస్తే అమరిక మళ్ళీ మారిపోద్ది.

ముసురు రోజైతే యూపీఎస్ ముందే చూస్కో, కరెంటు పోతే పంపు ఆగిపోద్ది.