ఫోన్‌లో చదివిన మెయిల్ లాప్‌టాప్‌లో మళ్ళీ కొత్తదిలా కనిపిస్తోందా? ఈ సెట్టింగ్స్ చూడండి

ఫోన్‌లో డిలీట్ చేసింది లాప్‌టాప్‌లో అలాగే ఉండటం, పంపిన మెయిల్ ఇంకో చోట దొరక్కపోవడం, ఇలాంటివి జరుగుతుంటే ముందు యాప్‌ని తిట్టుకోకుండా అకౌంట్ ఐమ్యాప్‌లో (IMAP) ఉందా పాప్‌లో (POP) ఉందా చూడండి. మెయిల్ కంపెనీ కంప్యూటర్ నుంచి, అంటే సర్వర్ నుంచి, యాప్ మెయిల్ తెచ్చుకునే రెండు పద్ధతులివి. పాప్ అయితే మెయిల్‌ని కిందకి దింపుకుంటుంది అంతే, మీరు చదివారా, ఏ ఫోల్డర్‌లో పెట్టారా అన్నది సర్వర్‌కి తెలీదు, పైగా కొన్ని సెట్టింగ్స్‌లో దింపుకున్నాక సర్వర్‌లోంచి తీసేస్తుంది కూడా. ఐమ్యాప్‌లో అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, మన దగ్గర ఉండేది దాని కాపీ. మామూలుగా ఐమ్యాప్‌కి పోర్ట్ (సర్వర్‌కి కనెక్ట్ అయ్యే నంబర్) 993, పాప్‌కి 995, కాబట్టి ఇన్‌కమింగ్ సర్వర్ సెట్టింగ్స్‌లో ఆ నంబర్ చూసినా తెలిసిపోతుంది.

పాప్ ఉంటే దాన్నే ఐమ్యాప్‌గా మార్చే బటన్ కోసం వెతక్కండి, చాలా యాప్స్‌లో ఉండదు, అదే అడ్రస్‌ని ఐమ్యాప్‌గా మళ్ళీ యాడ్ చేయాలి. కానీ పాత పాప్ అకౌంట్‌ని వెంటనే పీకేయొద్దు, అందులో పాత మెయిల్స్ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండొచ్చు, ముందు వాటిని సెలెక్ట్ చేసి కొత్త అకౌంట్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి, వెబ్‌లో లాగిన్ అయి అవి కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాకే పాతది తీయండి.

ఐమ్యాప్ పెట్టుకున్నాక ఇంకో తిప్పలుంది, ఫోన్‌లో స్పేస్ లేదని మెయిల్స్ డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతాయి. స్పేస్ కావాలంటే ఎన్ని రోజుల మెయిల్ సింక్ అవ్వాలో తగ్గించుకోండి, ఆండ్రాయిడ్ జీమెయిల్ యాప్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, పాతవి సర్వర్‌లో భద్రంగానే ఉంటాయి. పొరపాటున డిలీట్ చేసినా జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి లెండి.

పంపిన మెయిల్స్ గొడవ ఎక్కువగా ఫోల్డర్ పేర్ల వల్లే. ఒక యాప్ సెంట్ అంటుంది, ఇంకోటి సెంట్ ఐటమ్స్ అని సొంతంగా ఒకటి తయారు చేసుకుంటుంది, సగం ఇటు సగం అటు. థండర్‌బర్డ్ (కంప్యూటర్‌లో వాడే ఒక మెయిల్ యాప్) అయితే కాపీస్ అండ్ ఫోల్డర్స్‌లో, ఐఫోన్‌లో అకౌంట్ అడ్వాన్స్‌డ్‌లో మెయిల్‌బాక్స్ బిహేవియర్స్‌లో, అన్నిటినీ సర్వర్‌లో ఉన్న ఒకే ఫోల్డర్‌కి చూపించండి. డ్రాఫ్ట్స్, ట్రాష్ కూడా అంతే. జీమెయిల్‌ని థండర్‌బర్డ్‌లో వాడుతుంటే ఆల్ మెయిల్ అని ఒక పెద్ద ఫోల్డర్ వచ్చి అవే మెయిల్స్‌ని మళ్ళీ దింపుతుంది, వెబ్‌లో లేబుల్స్ సెట్టింగ్స్‌లో దానికి షో ఇన్ ఐమ్యాప్ టిక్ తీసేస్తే హాయి.

టూ మెనీ సైమల్టేనియస్ కనెక్షన్స్ అని ఎర్రర్ వస్తుందా? జీమెయిల్ ఒక అకౌంట్‌కి ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్లే ఇస్తుంది, థండర్‌బర్డ్ ఒక్కటే మామూలుగా 5 దాకా వాడుకుంటుంది, అడ్వాన్స్‌డ్ సర్వర్ సెట్టింగ్స్‌లో దాన్ని 2కి తగ్గించండి.

మెయిల్ లేటుగా వస్తుంటే ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వండి. ఐఫోన్ మెయిల్ యాప్‌లో మామూలు జీమెయిల్ అకౌంట్‌కి పుష్ (మెయిల్ రాగానే ఫోన్‌కి చేరడం) లేదు, ఫెచ్ (యాప్ అప్పుడప్పుడు వెళ్ళి చూసి తెచ్చుకోవడం) మాత్రమే, వెంటనే తెలియాలంటే జీమెయిల్ యాప్ వేసుకోవాల్సిందే.

వచ్చిన మెయిల్స్‌ని వాటంతటవే సర్దే ఫిల్టర్లు ఎప్పుడూ వెబ్‌లోనే పెట్టుకోండి, లాప్‌టాప్ యాప్‌లో పెడితే అది ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేస్తాయి, ఈలోపు ఫోన్ టింగు టింగు మంటూనే ఉంటుంది. డ్రాఫ్ట్ ఒకటి లాప్‌టాప్‌లో తెరిచి ఉంచి అదే ఫోన్‌లో రాయడం కూడా మానుకోవాలి, రెండు మూడు కాపీలు తయారై ఏది లేటెస్టో తెలీదు.

అన్నీ సరిగ్గా ఉన్నా మెయిల్స్ రాకపోతే స్టోరేజ్ చూడండి, గూగుల్ ఫ్రీగా ఇచ్చే 15 జీబీ డ్రైవ్‌కీ ఫోటోస్‌కీ కూడా కలిపే, నిండితే వచ్చే మెయిల్ పంపినవాళ్ళకే తిరిగిపోతుంది.

ఇక పాస్‌వర్డ్ మార్చిన రోజున అన్ని డివైస్‌లలో మళ్ళీ లాగిన్ అవ్వండి, గూగుల్ యాప్ పాస్‌వర్డ్స్ (మెయిల్ యాప్‌ల కోసం గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్‌లు) కూడా అప్పుడు రద్దయిపోతాయి కాబట్టి కొత్తవి తీసుకోవాలి. మూలన పడేసిన పాత టాబ్లెట్ ఆన్‌లో ఉంటే అది పాత పాస్‌వర్డ్‌తో అదే పనిగా ట్రై చేస్తూ కొన్ని సర్వర్లలో అకౌంట్ లాక్ చేయించేస్తుంది, దాన్లోంచి అకౌంట్ తీసేయండి.